అమ్మానాన్నలూ అత్తమామలూ ఒకే టేబుల్ దగ్గర: పొద్దున కాఫీ నుంచి సాయంత్రం చాయ్ దాకా

మా నాన్న మెనూ కార్డును కుడివైపు నుంచి చదువుతారు. ముందు రేటు చూస్తారు, తర్వాతే పేరు. రేటు చూశాక ఆయనకు ఆకలి పోతుంది. "నాకేం వద్దురా, పెరుగన్నం చెప్పు చాలు" అంటారు. మా మామయ్యది ఇంకో తీరు. నలుగురుంటే పదిమందికి సరిపడా చెప్పేస్తారు, బిల్లు మాత్రం ఇంకొకరిని ముట్టుకోనివ్వరు. మాది తెనాలి దగ్గర, పొద్దున్నే కాఫీ పడకపోతే తెల్లారినట్టుండదు. వాళ్లది కరీంనగర్, చాయ్ లేకపోతే పొద్దు గడవదు. మేముండేది హైదరాబాద్‌లో కాబట్టి ఏడాదికి రెండు మూడుసార్లు ఈ నలుగురూ మా ఇంట్లో ఒకేసారి ఉంటారు. వాళ్లను ఆదివారం బయటికి తీసుకెళ్లడం నా వంతు.

మొదట్లో చాలా తప్పులు చేశాను. ఇప్పుడు కాస్త గాడిలో పడింది. మీ ఇంట్లో కూడా వియ్యాలవారు కలిసే సందర్భం ఉంటే ఇలా చేసి చూడండి.

శనివారం రాత్రి: డికాక్షన్

ఆదివారం బాగుండాలంటే పని శనివారం సాయంత్రం కాఫీపొడి దగ్గర మొదలవుతుంది. ప్యాకెట్ కొంటే వెనక్కి తిప్పి చికోరీ ఎంతుందో చూడండి. కాఫీ చికోరీ కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదని, ఎంత కలిపారో ప్యాకెట్ మీద వేయాలని రూలుంది. అంటే సగానికి కాస్త తక్కువగా చికోరీ పోసినా అమ్ముకోవచ్చన్నమాట. చికోరీ ఒక మొక్క వేరు. దాన్ని వేయించి పొడి చేస్తారు. రంగు, చిక్కదనం ఇస్తుంది కానీ కాఫీ వాసన దానికెక్కడిది? నేను వందకు ఇరవై పాళ్లకు మించనివ్వను. ఎదురుగా గింజలు మర పట్టి ఇచ్చే కొట్టు దగ్గర్లో ఉంటే అక్కడ పావుకిలో మాత్రమే పట్టించుకోండి, "ఫిల్టర్‌కి" అని చెప్పి. కిలో తెస్తే నెల తిరిగేసరికి వాసన చచ్చిపోతుంది.

అరకు పొడి దొరికితే అది తేవడం ఇంకా మంచిది. రుచి సంగతి అలా ఉంచితే, టేబుల్ దగ్గర కాఫీవాళ్లకూ చాయ్‌వాళ్లకూ మధ్య మాట కలపడానికి పనికొస్తుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల మీద సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, వాటికి పాకించిన మిరియాల తీగల పక్కన గిరిజన రైతులు పండించే కాఫీ అది. 2017లో ఆ పేరుతో పారిస్‌లో కొట్టు తెరిచారు, 2019లో ఆ ప్రాంతానికే చెందిన సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. మా మామయ్య ఇంట్లో కాఫీ ముట్టని మనిషి. పారిస్ మాట విని "ఏదీ, ఓ గుక్క పొయ్యి చూద్దాం" అన్నారు.

ఆరుగురికి లెక్క చెబుతాను. పొడి 40 గ్రాములు, అంటే పెద్ద చెంచాతో నిండుగా ఆరేడు. నీళ్లు పావు లీటరు. ఫిల్టర్ పైగిన్నె పొడిగా ఉందో లేదో చూసుకుని పొడి వేసి, గిన్నెను రెండుసార్లు బల్ల మీద తట్టి సమం చేయండి. పైన గొడుగులా ఉండే బిళ్లను పొడి మీద ఆనించండి. బలంగా నొక్కొద్దు. నీళ్లు తెర్లకాగాక పొయ్యి ఆపి అర నిమిషం ఆగండి. ముందు పొడి తడిసేంత మాత్రం చుట్టూ తిప్పుతూ పోసి ఓ నిమిషం వదిలేస్తే పొడి ఉబ్బుతుంది. తర్వాత మిగతా నీళ్లు పోసి మూత పెట్టి పడుకోండి. పొడి కొన్ని నీళ్లు తాగేస్తుంది కాబట్టి తెల్లారేసరికి అడుగుగిన్నెలో 160, 170 మిల్లీలీటర్ల డికాక్షన్ ఉంటుంది. మనిషికి రెండు చెంచాల చొప్పున ఆరు కప్పులకు సరిపోతుంది.

పడుకునే ముందు ఒకసారి పైగిన్నె ఎత్తి చూడండి. చుక్కచుక్కగా పడుతుంటే సరే. అసలు పడకపోతే పొడి మరీ మెత్తగానైనా ఉండాలి, మీరు గట్టిగానైనా నొక్కి ఉండాలి. గిన్నె పక్కన చెంచాతో నాలుగుసార్లు తడితే కదులుతుంది. అయిదు నిమిషాల్లో మొత్తం దిగిపోయిందంటే పొడి బరక. ఆ డికాక్షన్ రంగు నీళ్లే, ఇంకో చెంచా పొడి మీద దాన్నే మళ్లీ పోయడం తప్ప మార్గం లేదు.

ఆదివారం పొద్దున

ముందు మందుల సంగతి. మీ అమ్మగారో అత్తగారో థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లయితే మాత్రకూ కాఫీకీ మధ్య అరగంట నుంచి గంట ఎడం ఉండాలి. కాఫీతో పాటే వేసుకుంటే మందు ఒంటికి సరిగా పట్టదు. మా అమ్మ ఏళ్ల తరబడి మాత్రను కాఫీతోనే మింగింది. డాక్టర్ చెప్పాకే మాకు తెలిసింది. ఇప్పుడు లేవగానే మాత్ర, తర్వాత వాకిట్లో ముగ్గు, ఆ తర్వాతే కాఫీ.

పాలు ఫుల్ క్రీమ్ ప్యాకెట్ తెచ్చి అప్పుడే కాచండి. రాత్రి కాచిన పాలు మళ్లీ వేడిచేస్తే మీగడ తరకలు కాఫీలో తేలతాయి. ఆ తరక పెదవికి తగిలితే గ్లాసు పక్కన పెట్టేసే మనుషులు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. మా ఇంట్లో అది నాన్న. డికాక్షన్‌ను మాత్రం పొయ్యి మీద పెట్టకండి, చేదెక్కుతుంది. చల్లగా ఉందనిపిస్తే ఆ గిన్నెను వేడినీళ్లలో రెండు నిమిషాలు ఉంచండి చాలు. గ్లాసులో ముందు చక్కెర, దాని మీద డికాక్షన్, ఆ పైన పొంగుతున్న పాలు. ఆ తర్వాత గ్లాసులోంచి గిన్నెలోకి, గిన్నెలోంచి గ్లాసులోకి రెండుసార్లు ఎత్తి పోయండి. నురగ కట్టడంతో పాటు నోరు కాలకుండా తాగే వేడికి వస్తుంది. షుగర్ ఉన్నవాళ్ల గ్లాసు ముందే వేరుగా పెట్టుకోండి. నేను దాని కింద గిన్నె పెట్టను, అదే గుర్తు.

చాయ్ తాగేవాళ్లకు చాయ్ పెట్టండి. "ఒక్కసారి మా కాఫీ తాగి చూడండి" అని పొద్దున్నే బలవంతం చేయొద్దు. లేచాక మొదటి గుక్క అలవాటైనదే అయి ఉండాలి. అల్లం దంచి వేసి మా అత్తయ్యకు చాయ్ ఇచ్చాకే, అమ్మ చేతిలో గ్లాసు చూసి ఆవిడే అడిగారు, "అది గంత నురగెట్లొచ్చింది వదినా?" అని.

టిఫిన్ తేలిగ్గా ఉంచండి. రెండు ఇడ్లీలు చాలు. మధ్యాహ్నం హోటల్ ఉందని తెలిసి కూడా పెసరట్టు ఉప్మా చేస్తానంటుంది అమ్మ. ఆపాలి.

ఏ హోటల్?

రుచి గురించి అందరూ చెబుతారు. పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు నేను అంతకంటే ముందు మరో నాలుగు చూస్తాను. మెట్లెన్ని? లిఫ్ట్ పనిచేస్తోందా? బాత్రూమ్‌లో వెస్టర్న్ కమోడ్ ఉందా, అది భోజనం హాలు ఉన్న అంతస్తులోనే ఉందా? పాటలు ఎంత గట్టిగా పెడతారు? వీలైతే అంతకుముందు ఎప్పుడైనా అటు వెళ్లినప్పుడు లోపలికి వెళ్లి చూసి రండి. అయిదు నిమిషాల పని.

కూర్చునే చోటు గురించి మాత్రం కాస్త పట్టుబట్టండి. మెత్తటి సోఫా సీట్లు చూడ్డానికి బాగుంటాయి. కానీ గోడవైపు కూర్చున్న మోకాళ్ల నొప్పి మనిషి ఒకసారి లేవాలంటే ముగ్గురు లేచి నిలబడాలి. మా అమ్మ అందుకే మొహమాటపడి నీళ్లు తాగడం కూడా మానేసేది. చేతులు ఆనించుకునే విడి కుర్చీలున్న టేబుల్ అడగండి. ఏసీ గాలి నేరుగా నెత్తిన పడే చోటు వద్దనండి. చెవి కాస్త తక్కువగా వినిపించే వాళ్లుంటే వాళ్లను చివర్లో కూర్చోబెట్టకండి, మధ్యలో గోడవైపు కూర్చోబెట్టండి. అప్పుడు మాటలన్నీ వాళ్ల ముందే జరుగుతాయి. మామయ్యను నాన్నకు ఎదురుగా కూర్చోబెట్టడం కంటే పక్కన కూర్చోబెడితే మంచిదని కూడా తెలుసుకున్నాను. ఎదురెదురుగా కూర్చుంటే రాజకీయాలు వస్తున్నాయి. పక్కపక్కనుంటే పొలాల గురించి మాట్లాడుకుంటున్నారు.

నెల ఏదో కూడా చూసుకోండి. కార్తీకంలో, శ్రావణంలో బిర్యానీ హోటల్‌కు పిలిస్తే సగంమంది నీళ్లు తాగి వస్తారు. శనివారం తినని వాళ్లుంటారు కాబట్టి ఆదివారమే మేలు. టేబుల్ మీద ఒక్కరు శాకాహారి ఉన్నా, మాంసం వండే చోట తినడానికి వాళ్లకు అభ్యంతరం లేదా అని ఇంట్లో ఉండగానే అడగండి. హోటల్ గుమ్మంలో అడిగితే మొహమాటానికి సరేనంటారు.

నా ఓటు మీల్స్, బిర్యానీ రెండూ దొరికే ఆంధ్రా హోటల్‌కి. మీల్స్‌కు ఒకటే రేటు. పప్పుకెంత, గోంగూరకెంత అని నాన్నకు కుడివైపు చదవడానికి ఏమీ ఉండదు. ఆకులో కందిపొడి, నెయ్యి పడగానే ఆయన మొహమే మారిపోతుంది. పప్పు, కూర, పులుసు, చారు, పెరుగు అన్న వరసలో ఇంట్లో లాగానే తింటారు, రెండోసారి అన్నం అడగడానికి కూడా మొహమాటపడరు. బిర్యానీ కావాలనే వాళ్లకు బిర్యానీ ఉండనే ఉంది.

పన్నెండుంపావుకల్లా కూర్చోవాలి

మీరు ఎన్ని మర్చిపోయినా ఇది మర్చిపోవద్దు. కొన్నేళ్ల క్రితం ఒక ఆదివారం మేము బాగా పేరున్న ఒక బిర్యానీ హోటల్‌కు ఒంటిగంటా నలభైకి చేరాం. బయట జనం. కుర్రాడు పేరు రాసుకుని "పది నిమిషాలు సార్" అన్నాడు. ఆ పది నిమిషాలు యాభై అయ్యాయి. బయలుదేరేటప్పుడు వెళ్లగానే తింటాం కదా అని నాన్న షుగర్ మాత్ర ఇంట్లోనే వేసుకున్నారు. మెట్ల దగ్గర నిలబడి ఉండగా ఆయన చొక్కా వీపంతా తడిసిపోయింది, చేతులు వణుకుతున్నాయి. "ఏం లేదు, ఉక్కపోత" అన్నారు. మా ఆవిడ లోపలికి పరిగెత్తి కౌంటర్ దగ్గరున్న చక్కెర గిన్నె తెచ్చి మూడు చెంచాలు నీళ్లలో కలిపి తాగించింది. పావుగంటకు కుదుటపడ్డారు. ఆ రోజు ఏం తిన్నామో ఎవరికీ గుర్తులేదు.

అందుకని చాలా బిర్యానీ హోటళ్లు ఆదివారం మధ్యాహ్నం ఫోన్‌లో టేబుల్ బుక్ చేయవు అన్నది లెక్కలో పెట్టుకుని పన్నెండుంపావుకల్లా లోపల ఉండేలా బయలుదేరండి. ఆ వేళకు కూరలు వేడిగా ఉంటాయి, వెయిటర్లకు ఓపిక ఉంటుంది. భోజనానికి ముందు వేసుకునే మాత్ర గానీ ఇన్సులిన్ గానీ ఇంటి దగ్గర వద్దు. టేబుల్ దొరికి, ఆర్డర్ ఇచ్చి, "ఎంతసేపట్లో వస్తుంది?" అని అడిగాక, డాక్టర్ ఎంత ముందు చెప్పారో దాన్ని బట్టి చూసుకోండి. హ్యాండ్‌బ్యాగులో ఒక బిస్కెట్ ప్యాకెట్, నాలుగు చాక్లెట్లు ఎప్పుడూ ఉండాలి.

ఆర్డర్ చెప్పడం

మెనూ కార్డులు అందరికీ పంచకండి. ఒక్కటి తీసుకుని మీరే పట్టుకోండి. "ఏం తింటారు?" అని అడిగితే పెద్దవాళ్ల నోటి నుంచి వచ్చేది "ఏదైనా పర్లేదు" అనే. "చేపల పులుసు ఉందట, రొయ్యల వేపుడు ఉందట, ఏది చెప్పను?" అని అడిగితే జవాబు వస్తుంది. రెండిట్లో ఒకటి ఎంచుకోమనాలి, అంతే.

ఒకేసారి అన్నీ చెప్పేయొద్దు. మామయ్యలాంటి వాళ్లుంటే ఇది కష్టం, కానీ "ముందు ఇవి రానివ్వండి మామయ్యా, వేడిగా తిందాం" అంటే ఒప్పుకుంటారు. 'వేడిగా' అన్న మాట పనిచేసినట్టు 'వృథా' అన్న మాట పనిచేయదు. హోటల్‌ను బట్టి సింగిల్, ఫుల్, ఫ్యామిలీ, జంబో అని బిర్యానీకి రకరకాల కొలతలుంటాయి. పేరు చూసి లెక్కేయకండి. ఎంతమందికి వస్తుంది, ఎన్ని ముక్కలుంటాయి అని రెండూ అడగండి. అరవై దాటిన ఇద్దరికి మామూలుగా ఒక సింగిల్ చాలు, మీల్స్ కూడా చెప్పి ఉంటే ఇంకా మిగులుతుంది.

"కారం తక్కువ వేయమనండి" అని ఎవరో ఒకరు అంటారు. కూరల్లో అది కుదురుతుంది, బిర్యానీలో కుదరదు. హైదరాబాదీ పచ్చి బిర్యానీలో నానబెట్టిన పచ్చి మాంసం అడుగున వేసి, సగం ఉడికిన బియ్యం పైన పరిచి, మూత అంచులకు పిండి పెట్టి దమ్ మీద పెడతారు. మీరు టేబుల్ దగ్గరికి వచ్చేసరికే అందులో కారం ఖాయమైపోయి ఉంటుంది. కారం పడని వాళ్లకు పైనున్న తెల్ల అన్నం ఎక్కువ, పెరుగు చట్నీ ఎక్కువ పెట్టమనండి. మసాలా ఇష్టమైన వాళ్లకు "అడుగు నుంచి తీయండి" అని చెప్పండి. గిన్నె పైపైన గీకి పెడితే మాత్రం వదలొద్దు, మళ్లీ అడగండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

ఎముక ముక్కలు నమలలేని వాళ్లుంటే మటన్ బదులు చేప చెప్పడం, ముల్లు తీసిపెట్టే బాధ్యత మీరు తీసుకోవడం మంచిది. మా అత్తయ్యకు పళ్లు కట్టించాక ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. పక్కన మటన్ ముక్కలు వరసగా పేర్చి ఉండటం చూసి అమ్మే గమనించింది. ఆ తర్వాత నుంచి ఇద్దరూ ఒకే చేప పంచుకుంటున్నారు.

తీపి చివర్లో ఒకటి చెప్పి నాలుగు చెంచాలు అడగండి. ఖుబానీ కా మీఠా (ఎండు ఆప్రికాట్ల తీపి) అయితే అందరూ ఒక చెంచా తిన్నాక కూడా మిగలదు. బ్రెడ్‌తో చేసే డబుల్ కా మీఠా కాస్త బరువు.

ఫోన్లు? పిల్లలకు ముందే చెప్పండి. పెద్దవాళ్లకు మాత్రం చెప్పకండి. నాన్న వాట్సాప్‌లో వచ్చిన వీడియో మామయ్యకు చూపించడమే వాళ్లిద్దరి మధ్య మొదటి మాట అయింది.

డ్రింక్స్

కూల్‌డ్రింక్ సీసాలు టేబుల్ మీదికి రానివ్వకపోతే మంచిది. కడుపు నిండిపోతుంది, షుగర్ ఉన్నవాళ్లు అది చూస్తూ కూర్చోవాలి. మజ్జిగ ఉంటే అదే. లేదంటే లైమ్ సోడా, ఉప్పువేసింది. "స్వీట్ అండ్ సాల్ట్" అనేస్తే చక్కెర పడిపోతుంది, చక్కెర వేరే తెమ్మనండి. నీళ్లు అడిగినప్పుడు వెయిటర్ సీసా మూత తిప్పబోతాడు. మామూలు నీళ్లు చాలనుకుంటే అప్పుడే చెప్పాలి.

ఇక ఇంకో రకం డ్రింక్స్. ఇది ఇంటింటికీ వేరు. మా వైపు మామగారి ముందు అల్లుడు గ్లాసు పట్టుకుంటే నెలరోజులు మాట్లాడుకుంటారు. మా ఆవిడ వైపు దావత్ అంటే కల్లో, మందో ఉంటుంది, అందులో దాపరికమేమీ లేదు. మొదటిసారి కలిసినప్పుడు ఇవి తెలియక ఇబ్బంది పడ్డాం. కాబట్టి ఇంట్లో ఉండగానే మీ ఆవిడను అడగండి, ఆవిడ వాళ్లమ్మను అడుగుతుంది. వద్దంటే ఆ మాట ఎత్తొద్దు. సరేనంటే అది మధ్యాహ్నం భోజనంతో కలపకండి, షుగర్ బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ముట్టుకోవద్దు. రెండు రాష్ట్రాల్లోనూ ఇరవై ఒకటి నిండని వాళ్లకు మందు పోయకూడదు, అంటే బీటెక్ చదివే బావమరిదికి లేదు. డ్రైవింగ్ చేసేవాడు ఒక్క చుక్క కూడా తాగకూడదని ముందే తేల్చుకోండి, లేదంటే క్యాబ్ మాట్లాడుకోండి. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మొదటిసారే పదివేల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. మామగారిని పక్కన కూర్చోబెట్టుకుని రోడ్డు మీద గొట్టంలో ఊదడం ఎవరికీ రాకూడని పరిస్థితి.

బిల్లు

"మీరుండండి బావగారూ." "అదేంటండీ, మా ఊరొచ్చి మీరు కట్టడమేంటి?" "ఊరేదైతే ఏంది బావా, పిల్ల మాదేగా." బిల్లు ఫోల్డర్ టేబుల్ మీద పెట్టగానే ఇది మొదలవుతుంది. ఒకసారి ఈ పెనుగులాటలో ఫోల్డర్ సగానికి చిరిగింది. దీనికి ఒకటే మందు. లోపలికి రాగానే, అందరూ చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు, వెయిటర్‌తో "బిల్లు టేబుల్ దగ్గరికి తేవద్దు, నేనే కౌంటర్ దగ్గరికొస్తా" అని చెప్పేయండి. తీపి తింటుండగా బాత్రూమ్‌కని లేచి కట్టేసి రండి.

కట్టేముందు చదవండి. మామూలు రెస్టారెంట్‌లో జీఎస్టీ 5 శాతం, కేంద్రానికి రెండున్నర, రాష్ట్రానికి రెండున్నర అని రెండు గీతల్లో ఉంటుంది. తిన్నది 3,200 అయితే పన్ను 160, మొత్తం 3,360. గది అద్దె బాగా ఎక్కువున్న పెద్ద స్టార్ హోటళ్లలోని రెస్టారెంట్లలో అయితే 18 శాతం పడుతుంది. మద్యం మీద జీఎస్టీ ఉండదు, దానికి రాష్ట్రం వేసే వ్యాట్ ఉంటుంది కాబట్టి అది వేరే బిల్లుగా వస్తే కంగారు పడకండి. కాంపోజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులు తమ జేబులోంచే కొద్దిపాటి పన్ను కట్టే ఏర్పాటు) ఉన్న చిన్న హోటల్ అయితే అసలు జీఎస్టీ వసూలు చేయకూడదు, బిల్లు మీద ఆ మాట రాసి ఉంటుంది.

'సర్వీస్ చార్జ్' అని ఇంకో గీత కనిపిస్తే అది పన్ను కాదు. దాన్ని బిల్లులో వాళ్లంతట వాళ్లు కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మాటను నిలబెట్టింది. తీసేయమని మెల్లగా అడగండి. తీయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. నేనైతే కౌంటర్ దగ్గర గొంతు పెంచను, లోపల వియ్యాలవారున్నారు. వడ్డించిన కుర్రాడికి ఇవ్వాలనుకున్నది మాత్రం అతని చేతికే ఇస్తాను.

కారెక్కాక నాన్న అడుగుతారు, "ఎంతయిందిరా?" అని. ఒకసారి సగం చెప్పాను. "ఆ మటన్ కూర రేటు నాకు కనిపించింది" అన్నారు. ఇప్పుడు నిజమే చెబుతున్నాను, కాకపోతే మర్నాడు.

మిగిలింది పార్సిల్ కట్టిస్తారు. మంచిదే, కానీ దాన్ని కారులో పెట్టి ఊరంతా తిరగొద్దు. బిర్యానీ బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, ఎండాకాలమైతే గంటే. నేరుగా ఇంటికెళ్లి ఫ్రిజ్‌లో పెట్టి, అందరూ ఓ కునుకు తీయండి.

సాయంత్రం చాయ్

అయిదు దాటాక ఇరానీ హోటల్. చార్మినార్ పక్కన నిమ్రా, రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ అందరికీ తెలిసినవే. కానీ ఆదివారం సాయంత్రం చార్మినార్ దగ్గర మోకాళ్ల నొప్పులవాళ్లను నడిపించడం మంచి ఆలోచన కాదు. మీ పేటలో పాత ఇరానీ హోటల్ ఒకటి ఉండే ఉంటుంది. మెట్లు లేనిది, రోడ్డు కనిపించే కుర్చీలున్నది చూసుకోండి.

ఇక్కడ మామయ్యే పెద్ద. ఆయన చెబుతుంటే నాన్న వింటారు. డికాక్షన్‌ను మూతపెట్టి సన్నసెగ మీద గంటల తరబడి ఉంచుతారని, పాలు వేరే గిన్నెలో చిక్కబడేదాకా కాస్తారని, రెండూ కప్పులోనే కలుస్తాయని. "మా ఫిల్టర్ కాఫీ కూడా అంతే బావగారూ, డికాక్షన్ వేరు, పాలు వేరు" అన్నారు నాన్న. పొద్దున్నుంచీ ఇద్దరూ ఒక్క మాట మీదికి రావడం అదే మొదలు.

ఈ చాయ్‌లో చాలాచోట్ల చక్కెర ముందే కలిపి ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లకు చక్కెర లేనిది ఇస్తారేమో ముందే అడగండి. లేదంటే వన్ బై టూ చెప్పి, ఆ సగంలో సగం. ఉస్మానియా బిస్కెట్ తీపీ ఉప్పూ కలిసి ఉంటుంది, చాయ్‌లో ముంచి మూడు లెక్కపెట్టేలోగా తీయాలి. నాలుగు అన్నారంటే విరిగి కప్పు అడుగుకి వెళుతుంది. నాన్నది వెళ్లింది. సాసర్‌లో పోసుకుని చెంచాతో ఆ ముక్క కోసం వెతుకుతుంటే అత్తయ్యకు నవ్వు ఆగలేదు.

ఇక్కడ బిల్లు మామయ్యను కట్టనివ్వండి. ఆరు చాయ్‌లు, ఓ ప్లేటు బిస్కెట్లు. ఆయనకు అది చాలు, నాన్న కూడా ఏమీ అనరు.

ఇంటికొచ్చాక పడుకునే ముందు ఫిల్టర్ కడగండి. సబ్బు పెడితే మర్నాటి కాఫీకి ఆ వాసన అంటుతుంది. వేడినీళ్లు, పీచు చాలు. పైగిన్నెను వెలుతురుకు ఎత్తి చూసి, బెజ్జాలు పూడుకుని ఉంటే స్టీలుదైతే పటకారుతో పట్టుకుని మంట మీద ఒక నిమిషం తిప్పండి, పట్టిన పొడి కాలి రాలిపోతుంది. చల్లారాక కడిగి, ఆరబెట్టి, మళ్లీ పొడి వేయండి. ఈసారి 45 గ్రాములు వేస్తున్నాను. రేపు పొద్దున మామయ్యకు కూడా ఒక గ్లాసు కావాలట.